ఆర్కిటెక్ట్‌కి మీ ఇంట్లో ఒక రోజు రాసివ్వండి

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది నరసరావుపేట దగ్గర ఊరు. నేను స్కూల్ టీచర్ని, మా వారిది బ్యాంకు ఉద్యోగం. ఇద్దరు పిల్లలు. అత్తయ్య, మామయ్య మాతోనే ఉంటారు. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు. మామయ్య పేరున 240 గజాల స్థలం ఉంది. పడమర రోడ్డు, ముఖం 36 అడుగులు, లోతు 60. నల్లరేగడి నేల. ఇల్లు కట్టుకుందామని గుంటూరులో ఒక ఆర్కిటెక్ట్‌ని పెట్టుకున్నాం. మా వారు ఆయనకి మొదట్లో పంపిన మెసేజ్ ఇది: "కింద 2 బెడ్‌రూమ్స్, పైన 3, పూజ గది, కార్ పార్కింగ్, వాస్తు పక్కాగా ఉండాలి." ఆరు నెలల్లో ప్లాన్ నాలుగుసార్లు మారింది. ఒకసారి వాస్తు సిద్ధాంతిగారు మార్పించారు, ఒకసారి మామయ్య, రెండుసార్లు డల్లాస్‌లో ఉన్న మా మరిది. మరిది 15 లక్షలు వేస్తానన్నాడు. ముందంతా అద్దాలు, రెండంతస్తుల ఎత్తు హాలు కావాలంటాడు. మామయ్యేమో ఆర్కిటెక్ట్ దండగ, మేస్త్రికి చెబితే కట్టేస్తాడంటారు. నాలుగు ప్లాన్లలోనూ వంటిల్లు మాత్రం 8 బై 9 దగ్గరే ఉండిపోయింది. నేను అడిగితే "తర్వాత చూద్దాం" అంటారు. ఆర్కిటెక్ట్‌గారు కూడా ఇప్పుడు విసుక్కుంటున్నారు. బడ్జెట్ 55 లక్షలు. కాంట్రాక్టర్ మెటీరియల్‌తో కలిపి చదరపు అడుగుకి 1,900 చెప్పాడు. కట్టిన ఫీజు పోతే పోయిందనుకుని మేస్త్రికే అప్పజెప్పేద్దామా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ప్లాన్ ఫోటో జత చేశాను.

సమాధానం:

ముందు మీ ప్రశ్నకి సూటిగా జవాబు. ఆర్కిటెక్ట్‌ని మానెయ్యకండి. అలాగని ఐదో ప్లాన్ కూడా ఇప్పుడే గీయించకండి. ఒక నెల రోజులు కాగితం మీద గీత పడకుండా ఆపండి.

మీరు పంపిన ప్లాన్ నిదానంగా చూశాను. గీసినాయనకి పని రాదనడానికి అందులో ఏమీ లేదు. మెట్లు సరిగ్గా ఉన్నాయి, కిటికీలు ఎదురెదురుగా పెట్టారు, చుట్టూ వదలాల్సిన జాగా వదిలారు. లోపం మీ వారు పంపిన ఆ మెసేజ్‌లో ఉంది. అందులో గదుల లెక్క ఉంది కానీ మనుషులు లేరు. మోకాళ్ల నొప్పులుండే అత్తగారు లేరు, తెల్లవారకముందే వంటింట్లోకి వెళ్లే మీరు లేరు. ఆయనకి తెలియని మనుషుల కోసం ఆయన ఎలా గీస్తారు చెప్పండి? తెలిసిన మూడు మాటలు పట్టుకుని గీశారు, దాన్ని ఒక్కొక్కరూ వచ్చి ఒక్కో పక్కకి లాగారు.

ఈ తప్పు నేనూ చేశాను. ప్రాక్టీసు మొదలుపెట్టిన రెండో ఏడు ఒక ఇల్లు చేశాను. మాట్లాడిందంతా ఆ ఇంటాయనతోనే. ఇల్లాలు కాఫీ తెచ్చిచ్చి లోపలికి వెళ్లిపోయేవారు, నేనూ పిలిచి అడగలేదు. గృహప్రవేశం అయిన ఏడాదికి వాళ్లింటికి వెళ్తే ఆవిడ పొయ్యి ముందు చెక్కపీట వేసుకుని, దాని మీద నిలబడి పోపు వేస్తున్నారు. ఆవిడ ఐదడుగులు కూడా లేరు. నేను పెట్టించిన వంటగట్టు 36 అంగుళాలు. కింద ముప్పై రకాల సొరుగులున్నాయి, పైన ఖరీదైన నల్ల గ్రానైటు ఉంది, ఆవిడ మాత్రం రోజుకి పదిసార్లు ఆ పీట ఎక్కి దిగుతున్నారు. "అలవాటైపోయిందిలేమ్మా" అన్నారు. ఆ మాట నేను ఇప్పటికీ మర్చిపోలేదు. అప్పటినుంచి ఏ ఇల్లు ఒప్పుకున్నా పెన్సిలు పట్టేముందు ఆ ఇంట్లో వండే మనిషితో ఓ గంట కూర్చుంటాను.

అందుకే ఈ నెల రోజుల్లో మీరు చెయ్యాల్సిన పని ఒకటుంది. ఒక నోట్‌బుక్ తీసుకుని మీ ఇంట్లో ఒక రోజు ఎలా గడుస్తుందో రాయండి. స్కూల్ ఉన్న రోజు ఒకటి, పండగో చుట్టాలో ఉన్న రోజు ఒకటి. టీచర్ కాబట్టి మీకిది కష్టం కాదు. పొద్దున అందరికన్నా ముందు లేచేదెవరు? అప్పుడు వేసిన లైటు ఎవరి కళ్లలో పడుతుంది? స్నానాలకి క్యూ ఏ టైముకి మొదలవుతుంది? మిక్సీ మోత మామగారి పూజకి అడ్డం వస్తోందా? గ్యాస్ బండ ఏ దారిన లోపలికి వస్తుంది? ఏడాదికి సరిపడా బియ్యం బస్తాలు తెప్పించుకుంటారా, అవి ఎక్కడ పెడతారు? ఆవకాయ జాడీలు ఎక్కడుంటాయి? అంట్లు తోమే మనిషి ఏ గుమ్మంలోంచి వస్తుంది, ఎక్కడ కూర్చుని తోముతుంది? మీరు నోట్సులు దిద్దుకునేది డైనింగ్ టేబుల్ మీదా, మంచం మీదా? మరీ చిన్న విషయాల్లా కనిపిస్తాయి కానీ ఆర్కిటెక్ట్‌కి కావాల్సిన ముడిసరుకు ఇదే. మీ వారితోనూ పిల్లలతోనూ తలా ఒక పేజీ రాయించండి. మామగారిని అడిగి మీరే రాసుకోండి.

ఇక ఆ వంటిల్లు. 8 అడుగుల వెడల్పులో రెండు పక్కలా రెండేసి అడుగుల గట్టు వేస్తే మధ్యలో మిగిలేది 4 అడుగులు. ఒక్కరికైతే చాలు. పండగనాడు మీరూ మీ అత్తగారూ ఇద్దరూ లోపల ఉంటే, ఒకరు నూనె మూకుడు దించుతుంటే ఇంకొకరు గోడకి అతుక్కుని నిలబడాలి. ఆవిడ కూర్చుని కూర తరుక్కోవడానికి కుర్చీ వేసే చోటు అసలు లేదు. మీ ప్లాన్‌లో హాలు పొడవు 22 అడుగులుంది. అందులోంచి 3 అడుగులు తీసి ఇటు కలపమనండి. వంటింటిని ఆనుకుని 4 బై 8 వాష్ ఏరియా కూడా అడగండి. అది ఇంటి కొలతలోపలే ఉండాలి. వెనక వదిలిన ఖాళీ జాగాలో, అదే సెట్‌బ్యాక్‌లో, రేకులు వేసుకుందాంలే అనుకుంటే రేపు మున్సిపాలిటీ వాళ్లతో పేచీ, పైగా వంటింటికి వచ్చే గాలి ఆగిపోతుంది. గట్టు ఎత్తు సంగతి: చెప్పుల్లేకుండా నిటారుగా నిలబడి మోచెయ్యి వంచండి, నేలనుంచి మోచేతి దాకా ఎంతుందో టేపుతో కొలిచి అందులో 4 అంగుళాలు తగ్గించండి. మన ఆడవాళ్లలో చాలామందికి అది 32, 34 అంగుళాల మధ్య వస్తుంది. అత్తగారికి మీకూ తేడా బాగా ఉంటే ఎక్కువసేపు పొయ్యి దగ్గర ఉండేవాళ్ల కొలత తీసుకోండి.

అత్తగారి గది గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ ప్లాన్‌లో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది అదే. సిద్ధాంతిగారు పెద్దవాళ్లకి నైరుతి గది అన్నారు, ఆర్కిటెక్ట్ అలాగే పెట్టారు. మన ఇళ్లలో అది అందరూ పాటించేదే, నేను కాదనను. కానీ పడమర రోడ్డు స్థలంలో నైరుతి అంటే, రోడ్డు మీద నిలబడి ఇంటిని చూస్తే, ముందు భాగంలో కుడిచేతి మూల. పడమటి ఎండ పూర్తిగా ఆ గోడ మీదే. రెంటచింతల పేరు వింటేనే చెమటలు పట్టే ప్రాంతం మీది. మే నెలలో సాయంత్రం పడిన ఎండకి కాగిన 9 అంగుళాల ఇటుక గోడ, సరిగ్గా వాళ్లు నడుం వాల్చే వేళకి వేడిని లోపలికి వదలడం మొదలుపెడుతుంది. పెద్దవయసు వాళ్లని ఆ గోడ పక్కన పడుకోబెడుతున్నాం.

సన్‌షేడ్ వేశారు కదా అంటారేమో. పడమర కిటికీకి సన్‌షేడ్ పెద్దగా సాయం చెయ్యదు. మే నెలలో సాయంత్రం నాలుగున్నరకి మీ దగ్గర సూర్యుడు ఎంత కిందికి దిగి ఉంటాడంటే, రెండడుగుల సన్‌షేడ్ నీడ కిటికీ మీద సుమారు అడుగు కంటే కిందికి రాదు. మిగతాదంతా ఎండే. అదే దక్షిణం వైపు కిటికీకైతే, డిసెంబరు మిట్టమధ్యాహ్నం కూడా అదే రెండడుగుల సన్‌షేడ్ రెండుంపావు అడుగులకు పైగా నీడ ఇస్తుంది. కాబట్టి వాస్తు మార్చకుండానే చెయ్యగలిగింది ఉంది. ఆ గది కిటికీ దక్షిణానికి పెట్టించండి, పడమర వైపు పైన ఒక చిన్న వెంటిలేటర్ చాలు. పడమటి గోడ పొడుగునా కప్‌బోర్డులు కట్టించండి. బట్టలతో నిండిన రెండడుగుల అలమర, ఎండకీ మంచానికీ మధ్య ఇంకో గోడలా పనిచేస్తుంది. కారు పోర్టికో స్లాబుని ఆ గది ముందుకి కూడా పొడిగించగలరేమో ఆర్కిటెక్ట్‌ని అడగండి. కిందికి వాలిన ఎండని అడ్డుకునే జాలీ గోడ (కన్నాలున్న గోడ) ఒకటి పోర్టికో చివర నిలబెడితే ఇంకా మంచిది.

మోకాళ్ల విషయం కూడా ఇప్పుడే ప్లాన్‌లోకి రావాలి. ఆ గదికి అటాచ్డ్ బాత్‌రూమ్ ఉంది, బాగుంది. దాని తలుపు మాత్రం రెండున్నర అడుగులే. మూడడుగులు చేయించండి. ఎప్పుడైనా వాకర్‌తోనో చక్రాల కుర్చీతోనో వెళ్లాల్సి వస్తే రెండున్నరలో ఇరుక్కుంటుంది. తలుపు బయటికి తెరుచుకోవాలి, లోపల పడిపోతే బయటినుంచి తెరవడానికి వీలుండాలి కదా. బాత్‌రూమ్ నేల గది కన్నా నాలుగంగుళాలు కిందికి దించడం మన మేస్త్రుల అలవాటు. అర అంగుళం చాలు, వాలు సరిగ్గా ఇస్తే నీళ్లు గదిలోకి రావు. కమోడ్ పక్క గోడకి పట్టుకునే కడ్డీ బిగించాలంటే అక్కడ గోడ గట్టిగా ఉండాలి, కాబట్టి కడ్డీ ఇవాళే వెయ్యకపోయినా ఆ చోటు ఇవాళే గుర్తుపెట్టించండి. పసుపు రాసి బొట్టు పెట్టే గడప సింహద్వారానికి తప్పకుండా ఉండాలి. లోపలి గదులన్నిటికీ గడపలు అక్కర్లేదు. రాత్రిపూట కాలు తట్టుకునేది అక్కడే.

మీరు ముగ్గురూ నలుగురూ చేరి సిద్ధాంతిగారి మాట ఒకసారి, ఆర్కిటెక్ట్ మాట ఒకసారి మోసుకెళ్తున్నారు. ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టండి. ఖాళీ స్థలం కాగితం మీద వంటిల్లు ఆగ్నేయం, పూజ ఈశాన్యం, సంపు ఎక్కడ, సెప్టిక్ ట్యాంకు ఎక్కడ, మెట్లు ఎక్కడ అని సిద్ధాంతిగారితో గుర్తులు పెట్టించి, ఇందులో మార్చడానికి వీల్లేనివి ఏవి, సర్దుకోగలిగినవి ఏవి అని విడదీసి అడగండి. మంచి సిద్ధాంతి ఎవరైనా చెప్తారు. గీసిన ప్లాన్ మీద ఆయన ఎర్రపెన్ను పెడితే మాత్రం ఒక గోడ జరిగినప్పుడల్లా దాని కింద దూలం, పక్కన పైపు, పైన మెట్లు అన్నీ జరగాలి. మీ ఆర్కిటెక్ట్ విసుగు చాలావరకు ఇక్కడిదే అయ్యుంటుంది.

మీ మరిది అడుగుతున్న హాలు. డబ్బు వేస్తున్నవాడు, ప్రేమతో అడుగుతున్నాడు, చులకన చెయ్యొద్దు. కానీ పడమర ముఖం నిండా అద్దం పెడితే నరసరావుపేటలో ఆ హాలు మార్చి నుంచి జూన్ దాకా కర్టెన్లు మూసుకునే ఉంటుంది. ఏసీ వేసినా రెండంతస్తుల గాలిని చల్లబరచాలి, ఆ కరెంటు బిల్లు నెలనెలా కట్టేది మీరు. అతనికి ఏం నచ్చిందో విడదీసి అడగండి: ఎత్తా, వెలుతురా, పై వాళ్లు కింది వాళ్లు ఒకరికొకరు కనిపించడమా? వెలుతురూ ఎత్తూ అయితే మెట్ల దగ్గర దొరుకుతాయి. మెట్ల గదిని పైకప్పు దాటి లేపి, పైన ఉత్తరం వైపు వెంటిలేటర్లు పెడితే కింద హాల్లోకి మెత్తటి వెలుతురు దిగుతుంది, ఇంట్లోని వేడిగాలి అటునుంచి పైకి పోతుంది. మన మండువా లోగిళ్లు చేసిన పని ఇదే. పాత ఇళ్లలో ప్రతి కిటికీ పైనా పైకప్పు దగ్గర ఉండే ఆ చిన్న వెంటిలేటర్లు కూడా దీనికోసమే ఉండేవి. ఏసీలొచ్చాక తీసేశారు, నాకైతే అది చాలా నష్టమనిపిస్తుంది. ఆర్కిటెక్ట్‌తో ఒక వీడియో కాల్ పెట్టి ఆ ఎండ లెక్క ఆయన చేతే మీ మరిదికి చెప్పించండి. వదిన చెబితే కాదన్నట్టు ఉంటుంది, ఆయన చెబితే లెక్కలా ఉంటుంది.

ఆ 15 లక్షల సంగతి మాత్రం ఇంట్లోవాళ్లే మాట్లాడుకోవాలి. స్థలం మామగారి పేరున ఉంది, డబ్బు ముగ్గురిది, లోనైతే మీ వారి పేరున తీసుకుంటారు. రేపు ఎవరిది ఎంత అన్నది ఇవాళ అందరూ బాగున్నప్పుడే ఒక లాయరు దగ్గర కాగితం మీద పెట్టుకోండి. డబ్బు బ్యాంకు ద్వారానే రావాలి.

ఇప్పుడు మామగారి మాట. ఆయన్ని నేను తప్పుపట్టను. ఆయన చిన్నప్పుడు ఇల్లు కట్టిన మేస్త్రికి ఆ ఊరి నేల తెలుసు, ఆ ఊరి సున్నం తెలుసు, తరతరాలుగా ఒకే రకం ఇల్లు కట్టాడు, మందంగా గోడలు పెట్టాడు. ఇప్పుడు మనం కడుతున్నది కాంక్రీటు స్తంభాల మీద నిలబడే ఇల్లు, అదీ నల్లరేగడిలో. ఎండాకాలం చెయ్యి పట్టేంత పగుళ్లిచ్చే నేల, వాన పడగానే ఉబ్బుతుంది. ఏడాదికోసారి మీ ఇంటిని కింద నుంచి ఎత్తి దించుతుందన్నమాట. మీ వీధిలో ప్రహరీలు ఒకసారి చూడండి, మెట్లు మెట్లుగా ఐమూలగా పగుళ్లు కనిపిస్తాయి. మామగారిని కూడా వెంట తీసుకెళ్లి చూపించండి, నా మాటకన్నా ఆ గోడలు బాగా చెప్తాయి. పునాది వేసేముందు సాయిల్ టెస్టు చేయించి, ఆ రిపోర్టు స్ట్రక్చరల్ ఇంజినీరుకి ఇవ్వాలి. ఉబ్బే పొర దాటి ఎంత లోతుకి వెళ్లాలి, స్తంభాల కింద పోసే మామూలు ఫుటింగులు సరిపోతాయా, అండర్ రీమ్డ్ పైల్స్ వెయ్యాలా అన్నది ఆయన తేలుస్తారు. అడుగున గడ్డలా వెడల్పయ్యే ఆ పైల్స్‌ని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్ఐ) వాళ్లు ఇలాంటి నేలల కోసమే రూపొందించారు. ఇల్లయ్యాక చుట్టూ గోడనానుకుని మూడడుగుల గచ్చు చేయించండి, వాననీళ్లు పునాది పక్కకి దిగకుండా. ఇంకుడు గుంత కూడా ఇంటికి దూరంగానే. చెట్లు వేసుకునేటప్పుడు కూడా జాగ్రత్త. ఈ నేలలో వేప, రావి లాంటివి గోడ పక్కన పెడితే వేళ్లు తేమని లాగేసి పునాది కింద నేల కుంగుతుంది. ప్రహరీ బయట రోడ్డు పక్కన గానుగ చెట్టు వెయ్యండి, పడమటి నీడ కూడా వస్తుంది.

మేస్త్రి మీద నాకు చాలా గౌరవం. ఇల్లు నిలబెట్టేది ఆయన చేతులే. అయితే దూలంలో ఊచలు ఎన్ని అన్నది ఆయన అనుభవంతో చెప్పకూడదు, డ్రాయింగులో ఉండాలి.

ఇంకో అపోహ కూడా మామగారికి ఉన్నట్టుంది, చాలామందికి ఉంటుంది. మున్సిపాలిటీకి ప్లాన్ పెట్టే ఎల్‌టీపీ (లైసెన్సున్న టెక్నికల్ పర్సన్) గీసిన కాగితం ఉంటే చాలు, ఇంకా ఆర్కిటెక్ట్ దేనికి అని. అది పర్మిషన్ కోసం గీసిన ప్లాన్. అందులో స్విచ్ బోర్డు ఎక్కడో ఉండదు, కొళాయి ఏ ఎత్తులోనో ఉండదు, కిటికీ ఫ్రేము గోడలో ఎక్కడ కూర్చోవాలో ఉండదు. ఇల్లు కట్టడానికి కావాల్సినవి వర్కింగ్ డ్రాయింగులు. మీరు ఫీజు కడుతున్నది ముఖ్యంగా వాటికి. మీరు పెట్టుకున్నాయన నిజంగా ఆర్కిటెక్టేనా అన్నది కూడా చూసుకోండి. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదైనవాళ్లే ఆ పేరు పెట్టుకోవాలి. వాళ్ల రిజిస్ట్రేషన్ నంబరు సీఏ అని మొదలవుతుంది, అడగడంలో మొహమాటం ఏమీ లేదు.

డబ్బు లెక్క ఒకసారి వేద్దాం. మీ ఇల్లు ఒక అంతస్తు 26 బై 45, అంటే 1,170 చదరపు అడుగులు. రెండంతస్తులు 2,340. చదరపు అడుగుకి 1,900 చొప్పున 44,46,000. పోర్టికో, మెట్ల గది స్లాబులు ఇంకో 180 అడుగులనుకుంటే 3,42,000. అక్కడికే దాదాపు 48 లక్షలు. మిగిలిన ఏడు లక్షల్లో సంపు, సెప్టిక్ ట్యాంకు, బోరు, కరెంటు మీటరు, పర్మిషన్ ఫీజులు, ఆర్కిటెక్ట్, ఇంజినీరు, 190 అడుగుల ప్రహరీ, గేటు, కప్‌బోర్డులు, నల్లరేగడి వల్ల పునాదికి పెరిగే ఖర్చు. సరిపోదు. కాంట్రాక్టర్ చెప్పిన రేటులో వీటిలో ఏవి ఉన్నాయో, ఏ కంపెనీ సిమెంటు, ఏ టైల్సు, తలుపులు ఏ కర్రతో అన్నీ రాయించుకోండి. రాయనిది ఏదీ లేనట్టే లెక్క.

నా సలహా అయితే పైన మూడు గదులు ఇప్పుడే వద్దు. కింద పూర్తిగా కట్టండి, పైన పిల్లలకొక గది, మరిది వాళ్లు వచ్చినప్పుడు ఉండటానికొక గది, బాత్‌రూములు కలిపి 600 అడుగులు. అప్పుడు 1,770 అడుగులకి 33,63,000 అవుతుంది, పోర్టికో, మెట్ల గది కలిపినా 37 లక్షలు. మిగతా 18 లక్షలతో ఇందాక చెప్పిన సంపు, ప్రహరీ లాంటి పనులు ఊపిరి పీల్చుకుంటూ చేసుకోవచ్చు, ఓ ఐదు లక్షలు ముట్టుకోకుండా పక్కన పెట్టొచ్చు. పునాది, స్తంభాలు మాత్రం పూర్తి పై అంతస్తుకి సరిపోయేలా ఇప్పుడే డిజైన్ చేయించండి. తర్వాత కడదామని స్తంభాల ఊచలు పైకి వదిలేస్తే వాటికి పలచటి కాంక్రీటు తొడుగు వేయించండి, లేకపోతే వానలకి తుప్పు పట్టి పదేళ్లకి చీపురుపుల్లల్లా అవుతాయి. కింద స్టోర్ గది, పైన స్టోర్ గది ఒకదాని మీద ఒకటి 5 బై 5 వచ్చేలా అడిగి పెట్టుకోండి. రేపు లిఫ్టు కావాలంటే స్లాబు కత్తిరించడానికి వీలుగా ఇంజినీరు ముందే ఏర్పాటు చేస్తారు. అత్తగారు డాబా మీద వడియాలు పెట్టుకునే రోజులు మళ్లీ రావచ్చు.

ఇవన్నీ అయ్యాక ఆర్కిటెక్ట్‌గారి దగ్గరికి మీరూ మీ వారూ కలిసి వెళ్లండి. నాలుగుసార్లు మార్పించినందుకు ముందు ఏమీ అనుకోవద్దని ఓ మాట చెప్పండి, ఆయనా మనిషే. ఇప్పటిదాకా చేసిన పనికి బాకీ ఉంటే కట్టేయండి. తర్వాత నోట్‌బుక్ చేతికిచ్చి, ఇకనుంచి మా ఇంటి తరఫున మాట్లాడేది ఒక్కరే అని చెప్పండి. ఆ ఒక్కరూ మీరే అయితే బాగుంటుంది. మామగారూ మరిదీ ఏదైనా మీకే చెప్పాలి, వారానికోసారి మీరు ఆయనకి చేరవెయ్యాలి. అప్పుడే ఒప్పందం కాగితం మీద రాయించుకోండి: ఇంకా ఎన్ని మార్పులు ఈ ఫీజులో వస్తాయి, స్ట్రక్చరల్, ఎలక్ట్రికల్, ప్లంబింగ్ డ్రాయింగులు ఇందులోవేనా, జీఎస్టీ 18 శాతం విడిగానా, సైటుకి ఎన్నిసార్లు వస్తారు. కనీసం ముగ్గు పోసిన రోజు, ఫుటింగుల ఊచలు కట్టినప్పుడు, ప్రతి స్లాబు పోసే ముందు రోజు రావాలి. స్ట్రక్చరల్ డ్రాయింగులు చేతికొచ్చాక గోడ జరపమని మీ ఇంట్లో ఎవరూ అడగకూడదు, ఆ మాట మీ వారి చేత కుటుంబ గ్రూపులో పెట్టించండి.

సంతకం పెట్టే ముందు ఇంకో పని. కొత్త ప్లాన్‌ని స్థలంలో ముగ్గు పోయించండి. పునాది తవ్వడానికి కాదు, చూసుకోవడానికి. మేస్త్రికి ఒక పూట పని, ఓ బస్తా సున్నం. గదులు చూసి అందరూ "ఇంతేనా" అంటారు, కంగారుపడకండి, ముగ్గులో ప్రతి గదీ అగ్గిపెట్టెలాగే ఉంటుంది, గోడలు లేచాక మళ్లీ పెద్దదవుతుంది. చూడాల్సింది పెద్దా చిన్నా అని కాదు. ఇంట్లోంచి అత్తగారి మంచం కొలతకి ఒక చాప, డైనింగ్ టేబుల్ కొలతకి ఒక దుప్పటి తీసుకెళ్లి ఆ గీతల్లో పరచండి. ఆవిడ్ని కుర్చీలో కూర్చోబెట్టి, మంచం మీంచి బాత్‌రూముకి ఎన్ని అడుగులో ఆవిడ్నే నడిచి చూడమనండి. మీరు వంటింటి ముగ్గులో పొయ్యి దగ్గర నిలబడి, పిల్లల్లో ఒకణ్ని ఫ్రిజ్ అవ్వమని, ఇంకొకణ్ని సింకు అవ్వమని నిలబెట్టండి. సాయంత్రం నాలుగున్నరకి వెళ్లండి. మామగారు నైరుతి మూలలో ఓ పావుగంట నిలబడితే పడమర గోడ సంగతి ఆయనకి నేను ఇంకేమీ చెప్పక్కర్లేదు.